సామాన్ల దగ్గర కూర్చోని రోజు

"మీరు వెళ్లి రండి, నేను సామాన్ల దగ్గర కూర్చుంటాను."

ఈ మాట మనలో ఎంతమందిమి ఎన్నిసార్లు అనుంటామో లెక్కేసుకున్నామా ఎప్పుడైనా? మా అమ్మయితే ఈ మాటకి పెట్టింది పేరు. నా చిన్నప్పుడు విశాఖపట్నం నుంచి బొర్రా గుహలకి మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ అమ్మ బయటే కూర్చుంది, పులిహోర క్యారియరుకీ మా స్వెట్టర్లకీ కాపలాగా. గుహ లోపల ఎలా ఉంటుందో చూడకుండానే 2022లో వెళ్లిపోయింది.

ఆ మరుసటేడు ఫ్లోరిడా నుంచి చెల్లెలు ఫోను చేసి, "అక్కా, ఈసారి నువ్వు మా ఇంటికొచ్చి పచ్చళ్లు పెట్టి వెళ్లిపోతే ఒప్పుకోను. ఇద్దరం కొండలెక్కుదాం" అంది. ఎక్కడికే అంటే "డొమినికా. అంతా అగ్నిపర్వతాల దీవి" అని చెప్పింది. మా అత్తయ్యగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "పొయ్యి వేడి చాలక అగ్నిపర్వతం దాకా ఎందుకమ్మా!" అన్నారు. మావారు మాత్రం "పిల్లల సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు. ఏ మాటకామాటే చెప్పాలి, చూసుకున్నారు కూడా.

అలా 2024 ఫిబ్రవరిలో మేమిద్దరం మయామీలో విమానం ఎక్కాం. అన్నట్టు, డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. నాలాగే చాలామంది పొరబడతారట. కరీబియన్ సముద్రంలో 750 చదరపు కిలోమీటర్ల చిన్న దేశమిది. జనం 70 వేలకి అటూ ఇటూ. 1493లో కొలంబస్ ఓ ఆదివారం పూట దీన్ని చూసి, ఆ వారం పేరే పెట్టేశాడు. అంతకుముందు నుంచీ అక్కడున్న కలినాగో జనం తమ దీవిని 'వైటుకుబులి' అనేవారు. అంటే 'పొడుగాటి ఒళ్లు ఆమెది' అని అర్థం. విమానం దిగుతుంటే ఆ పేరు ఎంత సరిపోయిందో తెలిసింది. చదునైన నేల కనబడితే ఒట్టు! సముద్రంలోంచి నిటారుగా లేచిన పచ్చటి కొండలే ఎటు చూసినా.

మేం దిగింది డగ్లస్ చార్ల్స్ విమానాశ్రయంలో. ఈ దేశం గురించి చెప్పేటప్పుడు యూజీనియా చార్ల్స్ అనే ఆవిడ గురించి చెప్పాలి. ఆ దీవిలో తొలి మహిళా న్యాయవాది. 1980 నుంచి 1995 దాకా ప్రధానమంత్రి. స్వతంత్ర కరీబియన్ దేశాల్లో తొలి మహిళా ప్రధాని. 2023లో దేశాధ్యక్షురాలైన సిల్వనీ బర్టన్ కలినాగో ఆడపడుచే. ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ కూడా ఆవిడే. ఇంత చిన్న దీవిలో ఇంత పొడుగాటి ఆడవాళ్లు!

ఎసరు కాగే చెరువు

ఇక్కడికి జనం ఇసుక తిన్నెల కోసం రారు, నడక కోసం వస్తారు. దీవి దక్షిణపు కొస నుంచి ఉత్తరం దాకా 185 కిలోమీటర్ల కాలిబాట ఉంది. దాన్ని 14 భాగాలుగా చేశారు, ఎవరి ఓపికను బట్టి వాళ్లు నడవొచ్చు. కానీ అందరి నోటా వినబడే పేరు బాయిలింగ్ లేక్. మరిగే చెరువన్నమాట. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన జాతీయ వనంలో ఉంది. దాదాపు 60 మీటర్ల వెడల్పు. వాననీళ్లూ చిన్న చిన్న వాగులూ వచ్చి ఓ గుంటలో చేరతాయి. అడుగున ఉన్న శిలాద్రవం నుంచి తన్నుకొచ్చే వేడివాయువులు ఆ నీటిని మరిగిస్తాయి.

రాజధాని రోజోకి ఎగువన లోదా అనే ఊరుంది. అక్కడి నుంచి రానూపోనూ 13 కిలోమీటర్లు, ఆరేడు గంటల నడక. బండి వెళ్లదు. మా గైడు నలభై దాటిన మనిషి, నవ్వుముఖం. పొద్దున్నే ఏడింటికి బయలుదేరదీసింది.

మొదటి గంటంతా అడవే. నాచు పట్టిన మానులు, మన ఇళ్ల ముందు కుండీల్లో పెంచుకునే ఫెర్న్ మొక్కలు చెట్లంత ఎత్తున! మెట్లంటే మట్టిలో అడ్డంగా పాతిన దుంగలే. ఒకటెక్కితే ఇంకోటి. గంటన్నరకి ఓ ఏరు వచ్చింది. దాని పేరు బ్రేక్‌ఫాస్ట్ రివర్. మన భాషలో టిఫినేరు అనుకోండి. రొట్టెముక్క తిని తల పైకెత్తి చూద్దును కదా, అసలైన ఎక్కుడు అక్కడే మొదలవుతోంది. సన్నగా వాన కూడా పట్టుకుంది.

నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది. "మీరిద్దరూ వెళ్లి రండి. నేనిక్కడ బ్యాగుల దగ్గర కూర్చుంటాను."

చెల్లెలు నా ముఖంలోకి చూసింది. ఏమీ అనలేదు. అమ్మ గుర్తొచ్చిందని నాకు తెలుసు.

గైడు మాత్రం ఊరుకోలేదు. "ఈ కొండ మీద బ్యాగుల దగ్గర కూర్చునే పని లేదు. ఎక్కితే ముగ్గురం, దిగితే ముగ్గురం. ఒక్కమాట చెప్పు. మోకాలు నిజంగా నొప్పెడుతోందా, మాకు అడ్డమవుతానని భయమా? నొప్పయితే ఇప్పుడే దిగిపోదాం, తప్పేం లేదు" అంది.

ఆలోచించాను. మోకాలు నొప్పిగా లేదు. ఊపిరి ఆడుతోంది. మరెందుకన్నానంటే... అలవాటు! అంతే. లేచి బ్యాగు భుజాన వేసుకున్నాను.

మోర్న్ నికల్స్ అనే శిఖరం మీద గాలికి నిలబడలేకపోయాం. అక్కడ గైడు చుట్టూ ఉన్న పచ్చదనం చూపిస్తూ, "2017 సెప్టెంబరు 18 రాత్రి మరియా తుఫాను వచ్చింది. తెల్లారేసరికి ఈ కొండల మీద ఒక్క ఆకు లేదు. మా ఇంటికి కప్పు లేదు. అడవి చూసి ఎక్కువ ఏడ్చాను" అంది. ఆ తుఫానులో 65 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. నేను హుద్‌హుద్ సంగతి చెప్పాను. 2014 అక్టోబరు 12న మా కైలాసగిరి కూడా అలాగే మోడై నిలబడింది. తన దేశమేదో నాకు సరిగ్గా తెలియదు, నాదేదో ఆవిడకి తెలియదు. కానీ తుఫాను మర్నాటి నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. "ముందు చిగురేసినవి ఫెర్న్‌లే. వాటిని చూశాకే నేను రేకులు కొన్నాను" అంది.

అక్కడి నుంచి 'వ్యాలీ ఆఫ్ డెసొలేషన్'లోకి దిగాం. పేరుకి తగ్గట్టే పాడుబడ్డ లోయ. పచ్చదనం టక్కున ఆగిపోయింది. పసుపు, తెలుపు, తుప్పు రంగుల రాళ్లు. బుసబుసమని ఆవిర్లు, గంధకం వాసన. గైడు ఓ వేడిగుంటలో కోడిగుడ్లు ఉడకబెట్టి చేతిలో పెట్టింది. మెత్తటి బూడిదరంగు మట్టి తీసి మా ముఖాలకి పూసింది. ముల్తానీ మట్టికి డబ్బు పోసేవాళ్లం, ఎంత నవ్వుకున్నామో! "నా అడుగులోనే అడుగు వెయ్యండి" అని మాత్రం పదిసార్లు హెచ్చరించింది. అక్కడ నేల కొన్నిచోట్ల పల్చటి పెచ్చు, కింద మరిగే నీళ్లు.

చివరికి చెరువు ఒడ్డుకి చేరేసరికి ఏముంది? ఆవిరి తెర తప్ప ఏమీ కనబడలేదు. ఇంతదూరం వచ్చింది దీనికేనా అనుకుంటుండగా గాలి మళ్లింది. కింద బూడిద కలిసిన నీలపు నీళ్లు, సరిగ్గా నడిమధ్యలో కుతకుతా ఉడుకుతూ. అన్నానికి పెట్టిన ఎసరు గుర్తొచ్చింది. రోజూ చూసేదే. కానీ ఈ ఎసరు కింద మంట నేను పెట్టింది కాదు, దీన్ని నేను దించక్కర్లేదు. ఊరికే నిలబడి చూడొచ్చు.

చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అమ్మని లోపలికి లాక్కెళ్లాల్సిందే అక్కా మనం" అంది. ఇద్దరం మట్టి ముఖాలతో అక్కడే ఏడ్చేశాం.

మీరూ వెళ్లాలనుకుంటే

జనవరి నుంచి మే దాకా వానలు కాస్త తక్కువ. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. గైడు లేకుండా ఈ చెరువుకి బయలుదేరకండి. పొద్దున్నే మొదలుపెట్టండి. పట్టు ఉన్న బూట్లు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన పొడిబట్టలు, సరిపడా నీళ్లు తప్పనిసరి. వెండి వస్తువులు బసలోనే ఉంచండి, గంధకపు ఆవిరికి నల్లబడతాయి. ఆయాసం, గుండెజబ్బు ఉంటే ముందే డాక్టరునడగండి. అంత నడవలేనివాళ్లకి ఎమరాల్డ్ పూల్, ట్రఫాల్గర్ జలపాతాలు ఉన్నాయి. రెండూ కొద్దిపాటి నడకే. ట్రఫాల్గర్‌లో జంట జలపాతాలు. పెద్దదాన్ని నాన్న, చిన్నదాన్ని అమ్మ అంటారు. నేనైతే రెండు నెలల ముందునుంచీ మూడు కిలోల బియ్యం వీపున కట్టుకుని మేడమెట్లు ఎక్కి దిగాను. పక్కింటివాళ్లు వింతగా చూశారు, చూడనివ్వండి.

తిరిగొచ్చాక దసరా సెలవుల్లో అందరం బొర్రా గుహలకి వెళ్లాం. బ్యాగులు కారులో పెట్టి తాళం వేశాం. టిక్కెట్లు తీసుకుంటుంటే అత్తయ్యగారు ఓ చెట్టు నీడ చూసుకుని, "మీరు వెళ్లి రండమ్మా, నేను..." అన్నారు.

"మోకాలు నొప్పిగా ఉందా అత్తయ్యా, మాకు అడ్డమవుతానని భయమా?" అనడిగాను.

ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, చీరకొంగు బొడ్లో దోపుకున్నారు. చెయ్యి అందించాను.