వార్తల్లో పదం: బెవరిడ్జ్ వక్రరేఖ

నిరుద్యోగం, ఖాళీ కొలువులు రెండూ నెలనెలా మారేవే. మామూలుగా వీటిని కాలం వెంబడి రెండు గీతలుగా గీస్తారు. బెవరిడ్జ్ వక్రరేఖలో కాలానికి అక్షమే ఉండదు. అడ్డంగా నిరుద్యోగ రేటు, నిలువుగా ఖాళీల రేటు, ఒక్కో నెలకు ఒక్కో చుక్క. వాటిని నెలల వరుసలో కలిపితే ఆర్థిక వ్యవస్థ నడిచిన దారి కనిపిస్తుంది. బ్రిటిష్ ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ పేరు దీనికి పెట్టారు.

మాంద్యంలో చుక్క కుడివైపుకు, కిందికి జారుతుంది. మంచి రోజుల్లో ఎడమకు, పైకి వెళుతుంది. మొత్తం రేఖే కుడికి జరిగితే మాత్రం ఆందోళన పడాల్సిందే. ఖాళీలున్నా మనుషులకు పని దొరకడం లేదన్నమాట.

అమెరికాలో 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగం 14 శాతం దాటి చుక్క కుడి చివరకు పోయింది. 2022 మార్చికి ఖాళీలు 1.2 కోట్లయ్యాయి. ధరల అదుపు కోసం వడ్డీ రేట్లు పెంచి ఈ ఖాళీలను తగ్గిస్తే నిరుద్యోగం బాగా పెరుగుతుందని ఆర్థికవేత్తలు లారీ సమ్మర్స్, ఒలివియర్ బ్లాంషార్ వాదించారు. అలా జరగనక్కర్లేదన్నారు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ గవర్నర్ క్రిస్టఫర్ వాలర్. 2024 మధ్యకు ఖాళీలు సుమారు 80 లక్షలకు దిగినా నిరుద్యోగం 4 శాతం దగ్గరే నిలిచింది. చుక్క దాదాపు నిటారుగా కిందికొచ్చింది. ఎన్ని కుటుంబాల జీతాలు పోకుండా నిలిచాయో! అయితే రేఖ కిందికి వచ్చేకొద్దీ అడ్డంగా వాలుతుంది. అక్కడ ఖాళీలు కొంచెం తగ్గినా నిరుద్యోగం వేగంగా పెరుగుతుందని వాలరే 2024 జనవరిలో హెచ్చరించారు.