కిమ్చీ, సంగటి

మొన్న పెనుకొండలో పాత శిష్యుడొకడు పట్టుకున్నాడు. గుర్రంకొండ పక్క పల్లెవాడు, మదనపల్లెలో నా దగ్గర చదివాడు. 2019లో ఎర్రమంచిలో కొరియా వారి కియా కార్ల తయారీ మొదలైంది గదా, ఇప్పుడక్కడ ఉద్యోగం. "కొరియా భోజనం పెట్టిస్తాను సార్" అని ఓ చిన్న హోటలుకు లాక్కుపోయాడు.

నాలుగే బల్లలు. ఇనుప పుల్లలు నా వేళ్ళకు లొంగలేదు. అన్నం చెంచాతోనే తింటారని తెలిశాక ప్రాణం కుదుటపడింది. గిన్నెలో కిమ్చీ: క్యాబేజీని ఉప్పులో ఊరేసి, కారం, వెల్లుల్లి పట్టించి పులియబెట్టిన పచ్చడి. మనం ఎండల్లో ఆవకాయ పెట్టుకున్నట్టే, వారు చలికాలం ముందు ఇరుగుపొరుగులతో చేరి పెట్టుకుంటారు. 2013లో యునెస్కో ఆ ఆచారాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

పక్క బల్ల దగ్గర ఇద్దరు కొరియావారు తృప్తిగా తింటున్నారు.

"సముద్రం దాటినా ఊరగాయ వదల్లేదు సార్ వీళ్ళు. నేనేమో సంగటి క్యారియరు ఎవరైనా చూస్తారని చింతచెట్టు చాటున తినేవాణ్ణి" అన్నాడు.

నాకు తెలుసు. చూసి, తల తిప్పుకుని పోయినవాణ్ణే నేను. ఒక్కనాడు పక్కన కూర్చుని ఓ ముద్ద అడిగి ఉంటే ఎంత బాగుండేది!

"ఈ ఆదివారం మీ ఇంటికొస్తాను. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేయించు" అన్నాను.

"అమ్మ నమ్మదు సార్" అని నవ్వాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు.