కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నారా? కొట్టి, కట్టేస్తే మొదటికే మోసం!

మొదటిసారి కుక్కను పెంచే చాలా ఇళ్లలో సీన్ ఒకేలా ఉంటుంది. రెండు రోజులు ముద్దు. మూడో రోజు హాల్లో మూత్రం పోసిందని దెబ్బ. వారం తిరిగేసరికి మిద్దె పైన గొలుసు. ఎండలు 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడపలో ఆ గొలుసు దాని ప్రాణం మీదకు తెస్తుంది. మరి పద్ధతి నేర్పేదెలా?

వయసు: 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎంత గట్టిగా కొరకొచ్చో అది తల్లి, తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది.

మూత్రం అలవాటు: నిద్ర లేవగానే, తిన్నాక, ఆడుకున్నాక పెరట్లోనో, వాకిట్లోనో రోజూ ఒకే చోటుకి తీసుకెళ్లండి. పని కాగానే చిన్న ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. కాసేపాగి పెడితే ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు. కొట్టినా అంతే. దెబ్బ తిన్న పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడనప్పుడు మంచం కింద పోయడం!

కొరికితే: అరవొద్దు. ఆట ఆపేసి లేచి వెళ్లిపోండి. నమలడానికి బొమ్మ ఇవ్వండి.

ఎండ: కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. బేతంచెర్ల బండ అయినా, తారు రోడ్డయినా అరచేతి వెనక భాగాన్ని 7 సెకన్లు ఆనించి చూడండి. మీకు చుర్రుమంటే దాని పాదాలూ కాలతాయి. వేసవిలో నడక తెల్లవారుజామున, లేదంటే రాత్రి నేల చల్లబడ్డాకే.

టీకాలు: పార్వో, డిస్టెంపర్ టీకాలు 6-8 వారాలకు మొదలుపెట్టి, 3-4 వారాల గ్యాప్‌తో 16 వారాల వరకు వేయించాలి. రేబిస్ టీకా 3 నెలలకు, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్. ఏటా జులై 6న జూనోసిస్ డే సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు.

టీకాలు పూర్తయ్యేవరకు వీధి కుక్కలు తిరిగే చోట కింద దింపొద్దు. అలాగని ఇంట్లోనే దాచొద్దు. ఎత్తుకుని తిప్పుతూ ఆటోలు, పిల్లలు, కొత్త మనుషులను చూపించండి. 3 నుంచి 14 వారాల మధ్య అలవాటైనవాటికి పెద్దయ్యాక పెద్దగా భయపడదు. భయపడే కుక్కే ఎక్కువగా కరుస్తుంది.

ఇది మరవొద్దు: టీకా వేయని పిల్ల పన్ను దిగినా, గోరు గీరి రక్తం వచ్చినా "చిన్నపిల్లే కదా" అని వదిలేయొద్దు. సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.