ఈకతో ఈగ

ట్రౌట్ చేపను బురిడీ కొట్టించే 'డ్రై ఫ్లై'ని ఇంట్లో బల్ల ముందు కూర్చుని కట్టుకోవచ్చు. కావలసింది ఒక కొక్కెం, కాస్త దారం, ముదురు పుంజు మెడ ఈక. ఓపిక మాత్రం అంగట్లో దొరకదు

పుంజు మెడ మీది ఈకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే మొదట్లో దూదిలా మసగ్గా ఉండే భాగం ఒకటి కనిపిస్తుంది. కొసకు వచ్చేసరికి పీచులు విడివిడిగా, బిరుసుగా, నిగనిగలాడుతూ ఉంటాయి. మొదటిది నీటిని పీల్చుకుంటుంది. రెండోది పీల్చుకోదు. కోడిని కూరగా మాత్రమే ఎరిగినవారికి ఈ తేడాతో పని లేదు. డ్రై ఫ్లై కట్టేవారికి మాత్రం కథంతా ఇక్కడే ఉంది.

మన చెరువు గట్ల మీద గాలానికి ఎర్ర గుచ్చి నీళ్లలోకి వదులుతారు. వాసన పట్టిన చేప వచ్చి మింగుతుంది. డ్రై ఫ్లైలో వాసనా లేదు, రుచీ లేదు. ఉన్నదల్లా పచ్చి మోసం. సన్నని కొక్కేనికి ఈకా దారమూ చుట్టి, నీటి మీద వాలిన పురుగులా కనిపించేట్టు చేస్తారు. దానికి బరువే ఉండదు కాబట్టి విసరడానికి అవసరమైన బరువును లావుపాటి ఫ్లై లైన్ మోస్తుంది. ఈగ నీటి పైపొర మీద తన పీచుల కొసలతో నిలబడి, ప్రవాహంతో పాటు ఏమీ ఎరగనట్టు సాగిపోవాలి. రాతి చాటున పొంచిన ట్రౌట్ పైకి లేచి నోరు తెరిచే ఆ ఒక్క క్షణం కోసమే ఈ తతంగమంతా.

విద్య పాతదే. మాసిడోనియాలో ఒక నది దగ్గర జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని రోమన్ల కాలపు రచయిత ఈలియన్ రాశాడు. తేలే ఈగకు శాస్త్రం కల్పించినవాడు మాత్రం ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ హాల్‌ఫోర్డ్. దక్షిణ ఇంగ్లండ్‌లోని సున్నపురాతి నేలల నదుల ఆధారంగా ఆయన 1886లో ప్రచురించిన పుస్తకం ఈ రంగానికి పెద్దబాలశిక్ష. అమెరికాలోని థియొడోర్ గోర్డన్ ఆయనకు ఉత్తరం రాస్తే 1890లో కొన్ని నమూనా ఈగలను పంపాడు. అయితే నిదానంగా, అద్దంలా పారే ఇంగ్లిష్ నీళ్లకు తగిన ఈగలు క్యాట్స్‌కిల్ కొండల్లో ఉరికే వాగులకు సరిపోలేదు. అక్కడి పురుగులూ వేరే. గోర్డన్ వాటిని చూసి తనవైన ఈగలు కట్టుకున్నాడు. ఎవరి నదికి ఎవరి ఈగ అన్న ఆ పాఠానికి నూరేళ్లు దాటినా, భారతదేశంలో దాన్ని పట్టించుకున్నవారు తక్కువే.

ట్రౌట్ ఈ దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్లు సరదా కోసం తెచ్చుకున్నది. 1899లో కశ్మీర్‌కు పంపిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో వచ్చిన రెండో విడత బతికింది. 1907లో నీలగిరుల్లోని అవలాంచి దగ్గర, 1909లో కులూ లోయలో పెంపకం మొదలైంది. చేపతో పాటు ఈగలు కూడా సీమ నుంచే వచ్చాయి. విచిత్రమేమిటంటే ఆ ఈగలకు కావలసిన ఈకలు చాలాకాలం ఇక్కడి నుంచే అటు వెళ్లాయి. మెడ చర్మంతో సహా ఎండబెట్టిన నాటుపుంజు ఈకల కట్ట 'ఇండియన్ కేప్' పేరుతో బ్రిటన్, అమెరికా దుకాణాల్లో చవకగా దొరికేది. ఇంట్లో కూర్చుని ఈగలు కట్టడం నేర్చుకున్న తరాలు చేయి సాధన చేసింది చాలావరకు దాని మీదే.

తర్వాత అమెరికా ఫారాలు రంగంలోకి దిగాయి. ఈక కోసమే పుంజులను ఎంపిక చేసి, తరాల తరబడి జత కట్టించి 'జెనెటిక్ హ్యాకిల్' తయారు చేశాయి. హెన్రీ హాఫ్‌మన్ దగ్గరున్న కోళ్ల జాతిని తీసుకుని టామ్ వైటింగ్ 1989లో కొలరాడోలో మొదలుపెట్టిన ఫారం ఇందులో పేరు మోసింది. ఆ కోళ్ల నడుం మీది ఈక ఒక్కటి జానెడు దాటి ఉంటుంది, దానితో నాలుగైదు ఈగలు కట్టొచ్చు. మన నాటుకోడి ఈక పొట్టిది, ఒక్క ఈగకే రెండు కావాలి. 2011లో ఈ పొడుగు ఈకలను జుట్టులో అలంకరించుకునే ఫ్యాషన్ అమెరికాలో వెర్రిగా పాకింది. సెలూన్లు ఎగబడి కొనేశాయి. ధరలు ఆకాశానికి ఎక్కడంతో ఈగలు కట్టేవాళ్లు తలలు పట్టుకున్నారు.

ఇక నేర్చుకోవడం. తప్పనిసరిగా కొనవలసిన పనిముట్టు వైస్. కొక్కేన్ని కదలకుండా బిగించి పట్టుకునే చిన్న పట్టకారు అది. దారపు ఉండను పట్టే బాబిన్ హోల్డర్, మొన తేలిన చిన్న కత్తెర, ఈక కొసను పట్టే హ్యాకిల్ ప్లయర్స్ ఉంటే మేలు. మిగతావాటికి ఇల్లు వెతికితే చాలు. కుట్టుసూది ఉంది. చివరి ముడికి జిగురు బదులు గోళ్ల రంగు ఉంది. రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ గొట్టం చుట్టూ దారం ఉచ్చు తిప్పి, గొట్టాన్ని కొక్కెం కన్నుకు ఆనించి ఉచ్చును జార్చేస్తే ముడి దానంతటదే పడుతుంది. కొక్కేల నంబర్లు మాత్రం తికమక పెడతాయి. అంకె పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 14తో మొదలుపెట్టడం సుఖం. 20 అంటే బియ్యపు గింజ పక్కన చిన్నబోతుంది.

మొదటి ఈగగా చాలామంది రెక్కలూ తోకా ఉన్న 'ఆడమ్స్'ను ఎంచుకుని భంగపడతారు. 1922లో మిషిగన్‌లో లెన్ హల్లడే కట్టిన ఆ ఈగ అందమైనదే కానీ, కొత్త చేతికి కష్టం. అదే రాష్ట్రానికి చెందిన జార్జ్ గ్రిఫిత్ పేరు మీద ఉన్న 'గ్రిఫిత్స్ నాట్' ఇంతకంటే దయగలది. ట్రౌట్ నదుల రక్షణకు 1959లో ఏర్పడిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ వ్యవస్థాపకుల్లో గ్రిఫిత్ ఒకరు. ఈ ఈగకు సరుకులు రెండే: నెమలి ఈక పీచు, పుంజు ఈక. రెండూ మన దేశంలోనివే.

కొక్కెం కన్ను వెనక కాస్త చోటు వదిలి దారం మొదలుపెట్టి, కాడ పొడవునా వంపు దాకా చుట్టాలి. అక్కడ నలుపు తెలుపు చారల ఈకను, మొదట్లోని దూది ఒలిచేసి, కాడ దగ్గర కట్టాలి. దాని పక్కనే రెండు మూడు నెమలి పీచులు. ఈ పీచు ఉత్తి పెళుసు. చేప పళ్లు ఒకసారి తగిలితే తెగుతుంది. అందుకే పీచులను దారంతో కలిపి పురి పెట్టి ముందుకు చుట్టుకుంటూ వస్తారు. పచ్చగా మెరిసే బొద్దు ఒళ్లు తయారవుతుంది. దాని మీదుగా ఈకను మెట్లు మెట్లుగా అయిదారు చుట్లు తిప్పి కన్ను వెనక కట్టేసి, ముడి వేసి, చుక్క గోళ్ల రంగు పెడితే పని పూర్తి. చేయి తిరిగినవారికి అయిదు నిమిషాలు. కొత్తవారికి ఒక సాయంత్రం.

కొత్తవారు చేసే తప్పులు ఖండాలు మారినా మారవు. దారం మరీ బిగిస్తే తెగుతుంది. వదులైతే ఈక గిర్రున తిరుగుతుంది. పీచు పొడవు కొక్కెం నోటి వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. అంతకు మించితే ఈగ పక్కకు ఒరుగుతుంది. అన్నింటికన్నా పెద్ద జబ్బు కన్ను మూసుకుపోవడం. ఒంటికి ఎక్కువ చోటు వాడేసి, చివర ముడికి చోటు లేక కన్నంలోకే దారం చుట్టేస్తారు. నదిలో నిలబడి, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ఆ కన్నంలోకి నైలాన్ దారం ఎక్కించాల్సి వచ్చినప్పుడు గానీ ఆ పాపం తెలిసిరాదు. దీనికి మందు ఒకటే. ఒకే ఈగను, ఒకే సైజులో డజను కట్టి, మొదటిదాన్నీ పన్నెండోదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం. బాగా లేనివాటిని బ్లేడుతో కోసేస్తే కొక్కెం మళ్లీ పనికొస్తుంది.

ఈక సంపాదన మరో ముచ్చట. ఆరు వారాలకే కోతకు వెళ్లే బ్రాయిలర్ ఈక దేనికీ కొరగాదు. ముదురు నాటుపుంజు కావాలి, అదీ దుకాణదారు మంట మీద కాల్చకముందే అడిగి పుచ్చుకోవాలి. సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పేలూ పురుగులూ చస్తాయి (ఇంట్లోవాళ్లతో గొడవ ఇక్కడే మొదలవుతుంది). రంగుల విషయంలో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. నల్ల చారల తెల్ల ఈకను గ్రిజ్లీ అనీ, నడుమ నల్లగీత ఉన్న ఎర్ర ఈకను ఫర్నేస్ అనీ ఇంగ్లిష్ వాళ్లు పేర్లు పెట్టుకుంటే, గోదావరి జిల్లాల్లో ఆ పని ఎప్పుడో జరిగిపోయింది. ఎర్రదైతే డేగ, నల్లదైతే కాకి, తెల్లదైతే సేతువ. కోడిపందేలు చట్టవిరుద్ధం. కోడి రంగుల పరిజ్ఞానానికి ఆ బెడద లేదు.

చట్టం మరో చోట అడ్డు తగులుతుంది, తగలాలి కూడా. నెమలిని చంపడం నేరం. రాలిన తోక ఈకలకు మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశం లోపల మినహాయింపు ఇచ్చింది, ఎగుమతికి వీల్లేదు. దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి సంగతి వేరు. దాని మెడ ఈకల మీద లక్క అద్దినట్టుండే మచ్చల కోసం పడమటి దేశాలు ఒకప్పుడు పడి చచ్చేవి. పెన్సిల్వేనియాలో విన్సెంట్ మారినారో అనే ఆయన ఆ మచ్చను రెక్కగా పెట్టి 'జాసిడ్' అనే బుల్లి డ్రై ఫ్లై కట్టాడు. జాసిడ్ అంటే మరేదో కాదు, మన పత్తి రైతు రోజూ తిట్టుకునే పచ్చదోమ జాతి పురుగే. ఇప్పుడు ఆ ఈక అడవి నుంచి తీయడానికి లేదు. విదేశాల్లో పెంపుడు అడవికోళ్ల నుంచి తీసినదే చెలామణిలో ఉంది. ఇక్కడ నేర్చుకునేవారు దాని జోలికి పోకుండా ఉండటమే మర్యాద.

కట్టడం వచ్చాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఏ ఈగ కట్టాలి? జవాబు పుస్తకంలో ఉండదు, నదిలో రాయి తిరగేస్తే కనిపిస్తుంది. ట్రౌట్‌కు ప్రధాన ఆహారాల్లో ఒకటైన మేఫ్లై తన జీవితంలో చాలా భాగం నీటి అడుగున రాళ్లను కరుచుకునే గడుపుతుంది. చివర్లో రెక్కలతో పైకి వచ్చి, తిండి తినే నోరైనా లేకుండా, గంటలో ఒకటి రెండు రోజులో బతికి, గుడ్లు పెట్టి చస్తుంది. తొలకరికి ఉసిళ్లు లేచినట్టు ఒక్కసారిగా గుంపులు లేస్తాయి. వాటి సైజు, రంగు చూసి కట్టినదే ఆ నదికి తగిన ఈగ. అలా రాళ్లు తిరగేసేవారికి నది జబ్బుపడిన సంగతి కూడా ముందే తెలుస్తుంది. రోడ్లు వేస్తూ కొండ తవ్విన మట్టిని వాగులోకి తోసేస్తే రాళ్ల సందులు పూడిపోతాయి, పిల్ల పురుగులకు ఊపిరాడదు. సొరంగాల్లోకి నీటిని మళ్లించే జలవిద్యుత్ కేంద్రం ఉంటే మధ్యలో నది ఎండుతుంది. బియాస్‌లో కలిసే తీర్థన్ నదిపై తలపెట్టిన ఇలాంటి ప్రాజెక్టులను స్థానికులు న్యాయస్థానం దాకా వెళ్లి ఆపించుకున్నారు. ఆ పోరాటంలో ట్రౌట్, దాని వెంట వచ్చే పర్యాటకుల మాట కూడా వినిపించింది. పరాయి చేప నదికి కాపలాదారు కావడం వింతే. అదే చేప స్నో ట్రౌట్ వంటి స్థానిక జాతుల పిల్లలను తింటుందన్న ఫిర్యాదూ అబద్ధం కాదు. పేరులో ట్రౌట్ ఉన్నా స్నో ట్రౌట్ మన బొచ్చె, రోహుల కుటుంబానికి చెందినది. ట్రౌట్‌ను వదిలించుకోవడం ఇక సాధ్యపడదు కాబట్టి, కొత్త వాగుల్లో వదలకుండా ఉండటమైనా పాటించాల్సిన నియమం.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని కట్టేవారికి ట్రౌట్ నది ఏదీ కూతవేటు దూరంలో లేదు. నీలగిరులు, మున్నార్ కాస్త దగ్గర, కులూ బహుదూరం. ఎక్కడికి వెళ్లినా మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. హిమాచల్‌లో చేపలు గుడ్లు పెట్టే కాలమని నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట నిషేధం. ఈగలు కట్టుకోవడానికి ఆ నాలుగు నెలలూ సరిపోతాయి. మార్చిలో నీళ్లు ఇంకా మంచు చల్లదనంతోనే ఉంటాయి, చలిలోనూ బయటికొచ్చే పురుగుల్లో ఎక్కువ భాగం దోమంత మిడ్జ్‌లే. కాబట్టి పెట్టెలో మొదటి వరుస 18 నంబరు గ్రిఫిత్స్ నాట్‌లకు కేటాయించాలి.