టైపు చేసిన పేరు ఎక్కడికి పోయింది?

తెరుబలి పరిసరాలలోని తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటరు ముందు ఇంగ్లీషు వాడుతూ పెరుగుతున్నారు. పైచదువులలో కంప్యూటరు పాఠాలు తీసుకొన్నవారికి ఎదురయ్యే భాషలలో జావా ముఖ్యమైనది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో దీనిని వెలువరించగా, 2010లో ఆ సంస్థతోపాటు ఇది ఒరాకిల్ చేతికి వచ్చింది. టైపు చేసినదానిని చదువుట, దానిని ఒక క్లాసు నుండి మరొక క్లాసుకు అందించుట అన్న రెండు పనులలో కొత్త విద్యార్థులు తరచు తడబడుతుంటారు.

గ్రామంలోని కుటుంబాల పట్టికను ఉదాహరణగా తీసుకొందాము. 'కుటుంబము' అనే క్లాసు వయస్సును, పేరును దాచుకొంటుంది. 'ప్రధాన' క్లాసు ఆ వివరాలను అడుగుతుంది. అడుగుటకు 2004లో జావా 5తో వచ్చిన స్కానర్ ఉపయోగపడుతుంది. అంతకుముందు బఫర్డ్ రీడర్ ద్వారా పంక్తులు చదివేవారు. అది నేటికీ పనిచేస్తుంది.

తొలి చిక్కు ఇది. వయస్సుకు 42 అని కొట్టి ఎంటర్ నొక్కుతారు. 'నెక్స్ట్ ఇంట్' అంకెను మాత్రమే తీసుకొని, ఎంటర్ గుర్తును అక్కడే వదలివేస్తుంది. తరువాత పేరు కోసం పిలిచిన 'నెక్స్ట్ లైన్' ఆ మిగిలిన గుర్తును చూచి, పంక్తి ముగిసినదని భావించి, ఖాళీ పేరును తెచ్చిపెడుతుంది. పట్టికలో వయస్సు ఉంటుంది, మనిషి ఉండడు. ప్రతి జవాబును 'నెక్స్ట్ లైన్'తోనే చదివి, అంకెలను 'ఇంటీజర్ పార్స్ ఇంట్'తో సంఖ్యగా మార్చుకొనుట మేలైన మార్గము. అంకెకు బదులు అక్షరాలు కొట్టినచో లోపం ఎదురవుతుంది గనుక, దానిని పట్టుకొని మరల అడిగే ఏర్పాటు ఉండవలెను.

రెండవ చిక్కు సరిహద్దు ఊళ్లకు బాగా తెలిసినదే. 'నెక్స్ట్' అనే పద్ధతి తొలి ఖాళీ వరకే చదువుతుంది. తెలుగువారు సాధారణంగా ఇంటిపేరు ముందు వ్రాస్తారు, ఒడియావారు చివర వ్రాస్తారు. కనుక తెలుగువారికి ఇంటిపేరు మాత్రము, ఒడియావారికి అసలు పేరు మాత్రము మిగులుతుంది. పూర్తి పేరుకు పూర్తి పంక్తినే చదువవలెను. తెలుగు, ఒడియా లిపులు రెండింటికీ యూనికోడ్‌లో చోటున్నది. కీబోర్డు నుండి వచ్చే ఎన్‌కోడింగ్, స్కానర్ చదివే ఎన్‌కోడింగ్ ఒకటి కానిచో అక్షరాలు చెదరిపోతాయి.

ఇక అందించుట. చదివిన వయస్సును, పేరును 'కుటుంబము' యొక్క కన్‌స్ట్రక్టర్‌కు పారామీటర్లుగా ఇయ్యవలెను. ఆ క్లాసు వాటిని ప్రైవేట్ చరరాశులలో ఉంచుకొని, అడిగినవారికి గెటర్ పద్ధతుల ద్వారా చూపుతుంది. జావా ఎప్పుడూ విలువ నకలునే పంపుతుంది. సంఖ్యను పంపితే నకలు మారినా అసలు మారదు. వస్తువును పంపితే దాని చిరునామా నకలు పోతుంది. ఇంటి నంబరును రెండు కాగితాలపై వ్రాసినా ఇల్లు ఒక్కటే అయినట్లు, ఆ చిరునామాతో వెళ్లి చేసిన మార్పు అసలు వస్తువులోనే కనబడుతుంది.

స్కానర్‌ను ప్రతి క్లాసులోను విడివిడిగా తయారుచేయుట ప్రమాదకరము. ఒకటి ముందుగానే ఎక్కువ అక్షరాలు లాగుకొన్నచో రెండవదానికి అవి అందవు. ఒకదానిని మూసినచో కీబోర్డు దారి మొత్తం మూసుకొనిపోయి, తరువాత చదువబోయినప్పుడు లోపం వస్తుంది. ఒక బావికి ఒక బొక్కెన చాలును: స్కానర్‌ను ప్రధాన క్లాసులో ఒక్కసారి తయారుచేసి, కావలసిన క్లాసులకు పారామీటర్‌గా అందించవలెను.

ఇంట్లో పిల్లలు ఇటువంటి ప్రోగ్రాము వ్రాసి చూపినప్పుడు పెద్దలు తమ పూర్తి పేరును ఖాళీలతో సహా టైపు చేయించి చూడవచ్చును. పేరు యథాతథంగా తిరిగి వచ్చినచో తొలి పరీక్షలో ఆ ప్రోగ్రాము నెగ్గినట్లే.