పసిబిడ్డ చెయ్యి లేవకపోతే ఎన్నాళ్లు చూడాలి?

కాన్పులోనే బిడ్డ చెయ్యి పడిపోయింది. నూనె రాస్తే అదే వస్తుందంటున్నారు. మరి డాక్టర్లు ఆపరేషన్ అంటారెందుకు?

సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాల మీద బతికే మన కుటుంబాల్లోనూ వినిపించే ప్రశ్నే ఇది. చాలామంది పిల్లలకు ఆపరేషన్ అక్కర్లేదన్న మాట నిజమే. తల బయటికొచ్చాక భుజం చిక్కుకుంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు సాగుతాయి. కేవలం సాగిన నరం వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటుంది. తెగినా, వెన్నుపాము దగ్గర మొదలంటా ఊడివచ్చినా దానంతట అది అతుక్కోదు. చిక్కేమిటంటే, మొదటి రోజుల్లో పైకి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

తేడా ఎలా తెలుస్తుంది?

మోచేతిని చూడాలి. మూడో నెల నిండినా బిడ్డ మోచెయ్యి మడవలేకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలని పారిస్ సర్జన్ అలెన్ గిల్బర్ట్ 1980లలో చెప్పారు. కొందరు సర్జన్లు ఆరో నెల దాకా చూస్తారు. వేళ్లు కూడా కదలక, అదే వైపు కనురెప్ప వాలి ఉంటే మాత్రం అంతవరకు ఆగరు.

అంత తొందరేమిటి?

నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. ఈలోగా కండరం చిక్కిపోతుంది. ఏడాదిన్నర, రెండేళ్లు దాటాక నరం చేరినా ఆ కండరం పలకడం కష్టం.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

మెడ పక్కన కోసి, మైక్రోస్కోప్‌లో చూస్తూ గట్టిపడిన మచ్చను తీసేస్తారు. ఆ ఖాళీలో పిక్క నుంచి తీసిన నరం ముక్కలు పెట్టి, తెగిన పోగుకు అతుకు వేసినట్టు వెంట్రుక కన్నా సన్నని దారంతో కలుపుతారు. పిక్క నరం పోతే బిడ్డ నడవలేదేమోనన్న భయం వద్దు. పాదం బయటి అంచున కాస్త స్పర్శ తగ్గుతుంది, అంతే. నరం మొదలంటా ఊడిపోతే అతుకుకు ఆధారం ఉండదు. అప్పుడు పక్కనే పనిచేస్తున్న నరంలోంచి ఒక పాయను మళ్లిస్తారు. మోచెయ్యి మడిచే కండరానికి ఇలా పాయను మళ్లించే పద్ధతిని ఫ్రెంచి సర్జన్ ఒబెర్లిన్ 1994లో ప్రచురించారు. ఫలితం నెలల తరబడి, మెల్లగా వస్తుంది. చెయ్యి అచ్చం రెండో దానిలా అవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

మరి నూనె మర్దన?

నరాన్ని అతకదు. డాక్టరు చూపించినట్టు రోజూ కీళ్లు కదిలించడం మాత్రం తప్పనిసరి, లేకుంటే భుజం బిగుసుకుపోతుంది.

సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, కార్పొరేషన్ వారి స్మిమెర్ ఉన్నాయి. బిడ్డను మొదటి నెలలోనే పిల్లల విభాగంలో చూపించండి. మూడో నెలకల్లా మోచెయ్యి మడవకపోతే, నరాల ఆపరేషన్ చేసే సర్జన్ దగ్గరికి చీటీ రాసివ్వమని మీరే అడగండి.