కోటిమందికి కూడూ గూడూ

పాత ట్రంకుపెట్టెలలో దాచియుంచిన ఉత్తరములను తిరుగవేయువారికి, 1971వ సంవత్సరము చివరను వచ్చిన కవరులపై మామూలు తపాలాబిళ్ళ ప్రక్కన 5 పైసల బిళ్ళ యొకటి అదనముగా అంటించియుండుట కనబడును. ఆ యేడు నవంబరు 15వ తేదీనుండి ప్రభుత్వము విధించిన శరణార్థి సహాయపు పన్ను అది. క్రొత్త బిళ్ళ అచ్చగువరకు ఆగుటకు వ్యవధి లేక, కుటుంబనియంత్రణ ప్రచారమునకై అప్పటికే చెల్లుబడిలోనున్న 5 పైసల బిళ్ళపైననే శరణార్థి సహాయమను మాటలు అచ్చొత్తి తపాలా కార్యాలయములకు పంపిరి. తెనాలినుండి, అత్తవారింటనున్న కూతురికి కవరు పంపిన తండ్రియు, వరంగల్లునుండి ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనిన యువకుడును, తామెన్నడును చూడని బంగాళపు సరిహద్దున ఎవరికో పిడికెడు బియ్యపు వంతు కట్టిరి. ఇచ్చిన చేయి మనకు తెలియును. పుచ్చుకొన్న చేయియు చిత్రములలో చూచితిమి. ఆ రెంటి నడుమనున్న దీర్ఘమైన దారిని గూర్చి మాత్రము తఱచుగా ఆలోచింపము. నా దృష్టిలో సహాయకార్యమునకు ప్రాణమంతయు ఆ దారిలోనే యున్నది.

తూర్పు పాకిస్తానమునకు ఆపదలు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. 1970 నవంబరు 12వ తేదీ రాత్రి తుపానుతో పొంగిన ఉప్పెన భోలా మొదలగు డెల్టా ద్వీపములను ముంచివేసెను. అందు మడిసినవారు మూడు లక్షలకు తక్కువ కాదనియు, అయిదు లక్షలవరకు ఉండవచ్చుననియు లెక్క. బ్రతికి బయటపడినవారికి బియ్యము, మంచినీరు అందించుటలో పాలకులు చూపిన జాగు ప్రజల గుండెలలో నివురుగప్పిన నిప్పువలె నిలిచిపోయినది. మరుసటి నెల ఎన్నికలలో అవామీ లీగ్ విజయము పొందుట, ఆ విజయమునకు తగిన అధికారము చేతికందకపోవుట, 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యము ప్రజలపై విరుచుకొనిపడుట, ఇవన్నియు తుపాను వచ్చి అయిదు నెలలు తిరుగకముందే జరిగిపోయినవి. ఉప్పెనలో ఇల్లు పోయినవాడు, నీరు తీసిన పిమ్మట, మరల గుంజ పాతుకొనుటకు తన దిబ్బకే తిరిగివచ్చును. సైన్యమునకు వెరచినవానికి ఆ దిబ్బ ఉండియు లేనిదే. అతడు సరిహద్దు దాటవలసినదే.

అట్లు దాటినవారి సంఖ్య డిసెంబరు నాటికి 99 లక్షలకు చేరెను. అందు పశ్చిమబెంగాలునకు వచ్చినవారే 74 లక్షలకు పైబడిరి. త్రిపురకు వచ్చినవారు 14 లక్షలు. ఆ చిన్న ప్రాంతపు సొంత జనసంఖ్య పదునైదున్నర లక్షలు మాత్రమే. వచ్చినవారిలో సుమారు 68 లక్షలమంది 825 శిబిరములలో తలదాచుకొనగా, తక్కిన 31 లక్షలమంది బంధువుల ఇండ్లలోను, తెలిసినవారి పంచలలోను ఉండిరి. ఈ రెండవ అంకెను నేను మరువలేను. ఏ సంస్థ పేరును పెట్టుకొనక, ఏ ఛాయాచిత్రమునకును నిలువక, తమ కుండలోని గంజిని పలుచన చేసికొని పంచిపెట్టిన ఆ పేద గృహస్థులే ఆ యేటి మొదటి సహాయకులు.

ఏప్రిల్ 23న భారతదేశము ఐక్యరాజ్యసమితిని సహాయమడిగెను. ప్రధాన కార్యదర్శి ఊ థాంట్, శరణార్థుల హైకమిషనరైన సదరుద్దీన్ ఆగాఖాన్‌కు ఒక క్రొత్త బాధ్యతను అప్పగించెను: ఈ విషయమున సమితిలోని సంస్థలన్నిటికిని కేంద్రస్థానముగా నుండుట. పాలపొడి తెచ్చువారొకరు, ధాన్యము తెచ్చువారొకరు, మందులు తెచ్చువారు మరియొకరు; వీరందరును విడివిడిగా వచ్చి మీకేమి కావలెనని అడుగుచు పోయినచో, జవాబు చెప్పుటతోనే పుణ్యకాలము గడచిపోవును. అడుగని వస్తువు ఓడ దిగినచో దానికిని గోదాము కావలెను, కూలి కావలెను, లారీ కావలెను. ఆ లారీ ఎక్కవలసిన బియ్యము రేవులోనే పడియుండును. కావున భారతప్రభుత్వము అవసరముల పట్టికను ఒక్కచోట ఇచ్చుటయు, హైకమిషనరు దానిని దాతల యెదుట పెట్టి ధనమును, వస్తువులను సమకూర్చుటయు ఏర్పాటైనది. శిబిరముల నిర్వహణ మాత్రము భారతీయాధికారుల చేతిలోనే యుండెను. పునరావాసశాఖ కలకత్తాలో ప్రత్యేక కార్యాలయము తెరచి కర్నల్ పి. ఎన్. లూథ్రాను దానికి అధిపతిగా నియమించెను.

ఈ పనికి సమన్వయమని పేరు. పద్యమునకు అన్వయము చెప్పుకొను మన పాత బడులలో పెరిగినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. పద్యములో పదములన్నియు ఉండును. ఏ కర్తకు ఏ క్రియయో, ఏ విశేషణము ఏ నామమును ఆశ్రయించునో తెలిసినదాక అర్థము మాత్రము పుట్టదు. ఆపత్కాలమునందును దయగల హృదయములు, నిండిన గోదాములు, ఆకలిగొన్న కడుపులు అన్నియు ఉండియు, వాని నడుమ అన్వయము కుదురనందున మనుష్యులు మరణింతురు.

త్రిపుర దృష్టాంతము చూడుడు. ఆ ప్రాంతమునకు మిగిలిన భారతదేశముతో ఉన్న సంబంధము అస్సాము కొండల చుట్టు తిరిగివచ్చు సన్నని దారి మాత్రమే. వచ్చినవారిలో కొందరినైనను వెలుపలికి పంపవలెను. ఉన్నవారికి బియ్యము లోనికి తేవలెను. అమెరికా పంపిన సి-130 రవాణా విమానములు అగర్తలానుండి శరణార్థులను గౌహతి చేర్చి, మరలి వచ్చునపుడు బియ్యపు బస్తాలు మోసికొనివచ్చినవి. సోవియట్ విమానములు మరికొందరిని పశ్చిమబెంగాలునుండి రాయపూరు దగ్గరి మానా శిబిరమునకు తరలించినవి. ఈ సంక్షోభమున చెరియొక పక్షము వహించిన రెండు మహారాజ్యముల విమానములు, ఒకే పట్టికలోని పనులను పంచుకొని చేసినవి.

ఇంతలో వానకాలము వచ్చెను. కలకత్తా అంచున సాల్ట్ లేక్ మైదానమున లక్షకు పైగా జనము దిగియుండగా, మురుగుకాలువలకై తెచ్చి పడవేసిన పెద్ద సిమెంటు గొట్టములలో సంసారములు వెలసినవి. త్రాగునీటిలో మురుగు కలిసెను. కలరా సరిహద్దు వెంబడి ప్రాకెను.

జూన్ నెలాఖరున కలకత్తానుండి డాక్టర్ దిలీప్ మహలనబీస్ సరిహద్దు పట్టణమైన బన్‌గావ్ ఆసుపత్రికి చేరునప్పటికి, అక్కడి రెండు గదులును రోగులతో నిండి, నేలయంతయు మనుష్యులే పరుండియుండిరి. కలరా రోగి ఒంటిలోని నీరు, ఉప్పు పోయి మరణించును గనుక, రక్తనాళములో సెలైను ఎక్కించుట నాటి చికిత్స. సెలైను సీసాలు చాలవు. ఎక్కింప నేర్చిన చేతులు అంతకన్నను తక్కువ. గ్లూకోజు తోడుగా నున్నచో జబ్బుపడిన ప్రేగు సైతము ఉప్పునీటిని పీల్చుకొనునని కొలది యేండ్లకు ముందే ఢాకా, కలకత్తా పరిశోధనలలో తేలియుండెను. కాని పరిశోధనాలయపు క్రమశిక్షణలో జరిగినదానిని, వైద్యుని కనుసన్నలలో లేని వేలమందికి వాడుట సాహసమే. ఆయన ఆ సాహసము చేసెను. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలకత్తాలో తూచి, ప్లాస్టిక్ సంచులలో పోసి, వేడి ఇస్త్రీతో మూతులు అతికించి బన్‌గావ్‌కు తెచ్చిరి. కుళాయిగల పీపాలలో ఆ నీటిని కలిపి పెట్టిరి. పట్టువారెవరు? పోయువారెవరు? రోగి ప్రక్కన కూర్చున్న తల్లి, భార్య, అన్న. దాహమన్నప్పుడెల్ల పట్టుమని చెప్పి గ్లాసు వారి చేతికిచ్చిరి.

అంతకుముందు నూటికి ముప్పదివరకు ఉన్న మరణములు, ఈ విధముగా చికిత్స పొందిన సుమారు 3,700 మందిలో నూటికి నాలుగుకన్న తక్కువకు దిగినవి. నేడు మన పల్లెలలో ఆశా కార్యకర్త సంచినుండి తీసి ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ సంచుల వంశములోనిదే. ఔషధవిజ్ఞానముగా దీనిని ఎందరో ప్రశంసించిరి, సముచితమే. నాకు మాత్రము ఇందులో మరియొక ఘనత కనబడుచున్నది. అంతవరకు శరణార్థి పట్టికలో ఒక అంకె. వరుసలో నిలువబడి పుచ్చుకొనువాడు. ఆ గ్లాసు చేతికందిన క్షణమున ఆ తల్లి సహాయకురాలైనది, తన బిడ్డకు తానే వైద్యురాలైనది. ఎంత పెద్ద ఏర్పాటైనను, ఆపదలో పడినవారి శక్తినే తనలో చేర్చుకొననిచో, అది సగమునొద్దనే ఆగిపోవును.

ఆ యేటి అనుభవము ఐక్యరాజ్యసమితి నిర్మాణమునే మార్చినది. డిసెంబరు 14న, అనగా భారత-పాకిస్తాన యుద్ధము ఢాకాలో ముగియుటకు రెండు దినముల ముందు, విపత్సహాయ సమన్వయమునకు ప్రత్యేక కార్యాలయము నెలకొల్పవలెనని సర్వసభ్యసభ తీర్మానించెను. తరువాత 1991లో అది విస్తరింపబడెను. 2005లో బాధ్యతలను రంగములవారీగా విభజించిరి: ఆరోగ్యమునకు ప్రపంచ ఆరోగ్యసంస్థ, నీటికి యూనిసెఫ్, యుద్ధమువలన చెదరినవారి శిబిరములకు శరణార్థుల సంస్థ, ప్రకృతివైపరీత్యమువలన చెదరినవారి శిబిరములకు వలసల సంస్థ.

యుద్ధము ముగిసినంతనే జనము మరలిపోసాగిరి. 1972 జనవరిలో ఒక్కొక్క దినమున రెండు లక్షలమందికి పైగా సరిహద్దు దాటిరి. ఫిబ్రవరి ముగియునప్పటికి తొంబది లక్షలమంది ఇండ్లకు చేరిరి. దారిబత్తెమును, రెండు వారముల తిండిగింజలును ఇచ్చి పంపిరి. సిల్హెట్ వైపున సుల్లా అను చోట, అట్లు వచ్చి కాలిపోయిన కప్పులను చూచుకొనుచున్నవారికి తోడ్పడుటకై ఫజ్లే హసన్ ఆబేద్ ఆ యేడే ఒక చిన్న సంస్థను ప్రారంభించెను. బ్రాక్ అను పేర అది తరువాత దేశమంతట వ్యాపించినది. 1980నుండి పదియేండ్లపాటు ఆ సంస్థ స్త్రీలు బంగ్లాదేశ్ పల్లెలలో ఇంటింటికి నడచిపోయి, చాపమీద కూర్చుండి, తల్లులకు ఒక్క పాఠమే చెప్పిరి. గ్లూకోజు దొరకని ఇంటిలో బెల్లమున్నది; తూనిక లేని ఇంటిలో వ్రేళ్ళున్నవి. మూడు వ్రేళ్ళకు వచ్చు చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లము, అరసేరు నీరు. తల్లి తానే కలిపి చూపువరకు వారు లేచిపోలేదు.